సర్కస్ నవల: రాయడం ఒక ఎత్తు, అచ్చేయించడం ఇంకో ఎత్తు

2024 డిసెంబర్‌లో నా నవల అచ్చయి వచ్చింది. 336 పేజీలు, 500 కాపీలు. 1911 నుంచి 1916 దాకా ఊరూరా తిరిగిన ఒక సర్కస్ కంపెనీ కథ. కంపెనీ కల్పితం. అది ఎక్కిన రైళ్ళు, దాటిన నదులు, దిగిన ఊళ్ళు మాత్రం నిజం. పుస్తకం వచ్చినప్పటి నుంచి చదివామని చెప్పేవాళ్ళ కంటే "నేనూ ఒక చారిత్రక నవల రాద్దామనుకుంటున్నానండీ, ఎలా మొదలుపెట్టారు, ఎంతయింది?" అని అడిగేవాళ్ళే ఎక్కువయ్యారు. అందరికీ ఫోన్లో చెప్పలేక ఇది రాస్తున్నాను. నవల ఎలా రాయాలో చెప్పేంత దాన్ని కాను. నాకేం జరిగింది, ఎక్కడ ఎన్నాళ్ళు పట్టింది, ఎంత వదిలింది, అంతవరకే చెప్తాను.

మాది విజయనగరం. మా వైపు సర్కస్ అన్న మాట నోట్లోంచి రాగానే ఎదుటివాళ్ళు కోడి రామమూర్తి నాయుడు పేరెత్తుతారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం మాస్టారుగా చేసి, సొంత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగినాయన. శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం, విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉన్నాయి. 2021 వేసవిలో, బ్యాంకు ఉద్యోగానికి వాలంటరీ రిటైర్మెంట్ పెట్టి ఇంట్లో కూర్చున్న కొత్తలో, ఆయన మీదే నవల రాద్దామనుకున్నాను. పెద్దవాళ్ళని కదిపి చూస్తే ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్న కథ ఒక్కొక్కరు ఒక్కో ఊరికి కట్టి చెప్పారు. గొలుసు తెంచడం, కార్లు ఆపడం కూడా అంతే. ప్రతివాళ్ళ తాతగారూ ముందు వరసలో కూర్చుని చూసినవారే! అంతటి మనిషిని కథ మధ్యలో కూర్చోబెడితే మిగతావాళ్ళకి ఊపిరాడదనిపించింది. అందుకని ఆయన నా నవలలో రెండే చోట్ల, అదీ దూరంగా కనబడతారు. నేను పట్టుకున్నది డేరా మేకులు కొట్టే అప్పలస్వామిని, కేరళలోని తలశ్శేరి నుంచి వచ్చి తీగ మీద నడిచే మాధవిని. ఇద్దరూ కల్పితమే.

ఆ నిర్ణయంతో పని సగానికి తగ్గుతుందనుకున్నాను. నాలుగింతలైంది. ఎందుకంటే పేరున్న మనిషి గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసి పెడతారు. మేకులు కొట్టేవాడి గురించి ఎవరూ రాయలేదు.

మొదటి ఆరేడు నెలలు పాత పత్రికలతో గడిచిపోయాయి. కృష్ణాపత్రిక 1902 నుంచి ఉంది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా రావడం మొదలైంది. చాలా సంచికలు స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. సంతోషమే గానీ, అవి ఉత్త బొమ్మలు. 'సర్కస్' అని టైప్ చేస్తే ఏమీ రాదు. ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోవాలి. పైగా కొన్నిచోట్ల 'సర్కసు', కొన్నిచోట్ల 'సర్కస్సు', ఇంకొన్ని చోట్ల 'గుఱ్ఱపు ఆటలు'. శీతాకాలం వచ్చేసరికి కళ్ళజోడు నంబరు మారింది. ఈ నవల మీద నేను పెట్టిన మొదటి ఖర్చుల్లో అదొకటి, 4,200 రూపాయలు.

ఆన్‌లైన్‌లో లేని వాటి కోసం అక్టోబర్‌లో వేటపాలెం వెళ్ళాను. చీరాలలో దిగితే అక్కణ్ణుంచి ఆటో. సారస్వత నికేతనం 1918 నాటి గ్రంథాలయం. ఆ బౌండు పుస్తకాల్లో ఒక్కో కాగితం తిప్పాలంటే రెండు చేతులూ కావాలి, ఫ్యాను కింద కూర్చోకూడదు. ఏ పాత లైబ్రరీకి వెళ్ళినా ముందే ఫోన్ చేసి, ఏ పత్రిక ఏ సంవత్సరం కావాలో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. "సర్కస్ గురించి ఏమున్నా" అంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇంకో సంగతి. చాలాచోట్ల తేదీ పక్కన తెలుగు సంవత్సరం పేరు కూడా ఉంటుంది. ఆనంద అంటే 1914-15, రాక్షస అంటే 1915-16. నేను అట్ట వెనక ఒక పట్టిక రాసి పెట్టుకున్నాను. చిరిగిపోయి అంకెలు కనబడని పేజీల దగ్గర అదే పనికొచ్చింది.

ఇంత వెతికినా పత్రికల్లో నాకు దొరికినది ప్రేక్షకుడికి కనబడే సర్కసే. టిక్కెట్టు ధర, ఆట మొదలయ్యే వేళ, ఆడవాళ్ళకి వేరే చోటు ఉందో లేదో, ఫలానా పులి, ఫలానా వస్తాదు. డేరా వెనకవైపు వార్తల్లోకి ఎక్కేది రెండే సందర్భాల్లో: ఎవరైనా చచ్చిపోయినప్పుడు, ఎవరైనా కోర్టుకెక్కినప్పుడు. వాళ్ళు ఎక్కడ పడుకునేవారు, గుర్రానికి గడ్డి ఎవరు బేరమాడేవారు, నెలసరి వచ్చినప్పుడు తీగ మీది పిల్ల ఏం చేసేది, ఇవేవీ ఏ సంచికలోనూ లేవు.

రైళ్ళ సంగతి మాత్రం ఊహించని లాభం. నా కంపెనీ 1912లో పార్వతీపురంలో ఆట ముగించి రాయపూర్ వెళ్తుందని ఒక వాక్యం అనుకుని పెట్టుకున్నాను. వెతికితే తేలిందేమిటంటే విజయనగరం నుంచి పార్వతీపురం దాకా రైలు 1908 ప్రాంతంలోనే వచ్చింది గానీ, అక్కణ్ణుంచి రాయపూర్ దాకా లైను పూర్తయింది 1931లో. అంటే నా సర్కస్ పార్వతీపురంలో సామాను దింపుకుని, డేరా నడిమి గుంజని రెండు బళ్ళకి కట్టి, ఘాట్ రోడ్డు ఎక్కాలి. లేదా వెనక్కొచ్చి ఖరగ్‌పూర్ మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. ఆ కాలపు జిల్లా గెజెటీరు (ప్రభుత్వం వేసిన జిల్లా వివరాల పుస్తకం) ముందేసుకుని ఏ ఏరు ఎక్కడ అడ్డం వస్తుందో, బళ్ళు ఏ నెలలో దాటగలవో చూసుకున్నాను. ఒక్క వాక్యం మూడు అధ్యాయాలైంది. చదివినవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా చెప్పేది ఆ మూడు అధ్యాయాల గురించే.

యుద్ధం కూడా అలాగే కలిసొచ్చింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ ఓడ ఎమ్డెన్ మద్రాసు రేవు మీద గుళ్ళు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. ఆ నెలలోనే బంగాళాఖాతంలో వర్తక ఓడల్నీ ముంచింది. రంగూన్‌లో అప్పటికే రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ మన తెలుగువాళ్ళు బోలెడంతమంది. అక్కడ డేరా వేస్తే చూసే జనానికి లోటు లేదు. అందుకే సగం కంపెనీని రంగూన్ పంపించి, తిరిగి రావడానికి ఓడ లేకుండా చేశాను. రచయితకి ఇంత నిర్దయ ఉండొచ్చా అంటే, ఉండాలి మరి.

చిన్న చిన్న వస్తువుల దగ్గర పట్టే టైము గురించి ఎవరూ చెప్పరు. రాత్రి ఆట అనగానే పెట్రోమాక్స్ అని రాయడానికి చెయ్యి పోతుంది. కానీ ఆ రోజుల్లో నాటకాల వాళ్ళ జ్ఞాపకాల్లో కనబడేది కిట్సన్ లైటు, గాలి కొట్టి వెలిగించే కిరసనాయిలు దీపం. ఆ లైటు ఎలా వెలిగిస్తారు, ఎంత చప్పుడు చేస్తుంది, ఎవరు గాలి కొడతారు? ఈ ఒక్కదానికే వారం పోయింది. నవలలో అది నాలుగు లైన్లు.

2022 ఫిబ్రవరిలో తలశ్శేరి వెళ్ళాను. వెళ్ళకపోతే ఈ నవల లేదు. విశాఖ నుంచి చెన్నై, చెన్నైలో సాయంత్రం మంగళూరు మెయిల్ ఎక్కితే మర్నాడు పొద్దున్న తలశ్శేరి. మన దేశపు సర్కస్‌కి పుట్టిల్లు లాంటి ఊరు. 1880లో గ్రేట్ ఇండియన్ సర్కస్ పెట్టిన మరాఠీ ఆయన విష్ణుపంత్ ఛత్రే. ఆయనతో పరిచయమైన తలశ్శేరి వ్యాయామం మాస్టారు కీలేరి కుంజిక్కణ్ణన్ 1901లో అక్కడికి దగ్గర్లోని చిరక్కరలో సర్కస్ బడి పెట్టాడు. తర్వాత దేశంలో ఏ పెద్ద సర్కస్ చూసినా అందులో ఆ చుట్టుపక్కల పిల్లలుండేవారు. ఆడి ఆడి రిటైరైనవాళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళల్లో ఉన్నారు. బస, తిండి, రైలు, దుబాసీగా తోడొచ్చిన ఆటో అబ్బాయికి ఇచ్చినది, అంతా కలిపి 16,000 దాకా అయింది.

దుబాసీ అక్కర్లేకపోయింది నిజానికి. సర్కస్‌లో పాతికేళ్ళు తిరిగినవాళ్ళందరికీ హిందీ వచ్చు. నేను ఎక్కువసేపు కూర్చున్నది డెబ్భై దాటిన ఒక అమ్మమ్మ దగ్గర. తొమ్మిదో ఏట చేరి, ఉయ్యాల ఆట ఆడింది. నేను ఆంధ్రా అనగానే "గుంటూరు... ఎండ!" అని తెలుగులోనే అని నవ్వింది. ఆ తర్వాత గంటసేపు ఏమీ చెప్పలేదు. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుని పోతారట, పేపర్లో ఎప్పుడూ ఒకటే రాస్తారట. ఎప్పుడైనా పడ్డారా అని అడిగాను. "పడనివాళ్ళెవరు బేటీ" అని, కోడలికి టీ పెట్టమని చెప్పింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి, పడటం గురించి అడక్కుండా, ఊరు మారేటప్పుడు సామాను ఎవరు కట్టేవారని అడిగాను. అంతే, మాట ఆగలేదు. ఏ పెట్టె ముందు ఎక్కాలి, ఏది ఆఖర్న ఎక్కితే దిగగానే ముందు చేతికొస్తుంది, వంటవాళ్ళ గిన్నెలు ఎప్పుడూ మొదటి లారీలోనే ఎందుకుంటాయి, అన్నీ చెప్పింది. మధ్యలో లేచి నా కుడిచెయ్యి పట్టుకుంది. చేతిలో చెయ్యి వేయబోయాను. విదిలించి, తన వేళ్ళు నా మణికట్టు మీదికి జరిపి, నా వేళ్ళు తన మణికట్టు చుట్టూ పెట్టించింది. అరచెయ్యి చెమట పడుతుంది, జారిపోతుంది. పట్టుకునేవాడు నీ మణికట్టు పట్టుకోవాలి, నువ్వు వాడి మణికట్టు పట్టుకోవాలి. ఒకరు వదిలేసినా రెండోవాళ్ళది ఉంటుంది. చెప్తూ చెప్తూ వెనక్కి వాలి తన బరువంతా నా చేతి మీద వేసింది. డెబ్భై ఏళ్ళ మనిషిని వదిలేస్తానేమోనని నాకు చెమటలు పట్టాయి. ఆవిడ నవ్వుతోంది. వేళ్ళ మొదళ్ళలో కాయలు ఇంకా అలాగే ఉన్నాయి, గట్టిగా, పసుప్పచ్చగా.

ఇంకో మాట కూడా ఆవిడే చెప్పింది. అర్ధరాత్రి వాన మొదలైతే డేరాలో ముందు లేచేది తాళ్ళవాళ్ళు. నూలు తాడైనా జనపనార తాడైనా తడిస్తే బిగుసుకుంటుంది. వదులు చెయ్యకపోతే మేకుల్ని పీకేస్తుంది, లేదా గుడ్డ చింపేస్తుంది. అందుకని వానలో బయటికెళ్ళి, చుట్టూ తిరిగి, ఒక్కో తాడూ వదలాలి. తెల్లారి ఎండ కాశాక మళ్ళీ బిగించాలి. నా అప్పలస్వామి ఆ నిమిషంలో నా కళ్ళముందుకొచ్చాడు. అప్పటిదాకా వాడు మేకులు కొట్టే మనిషి, అంతే. వానలో వాడికి ఏం పనుంటుందో తెలిశాక వాడి పెళ్ళాం ఎందుకు తిట్టుకుంటుందో కూడా తెలిసింది.

అయితే ఒక చిక్కు. ఆవిడ జ్ఞాపకాలు 1960ల నాటివి, నా కథ 1912ది. రైల్లో తిరిగొస్తూ నోట్సు రెండు భాగాలు చేశాను. తాడు, వాన, మణికట్టు, పెట్టెలు ఎక్కించే వరస, వంటవాళ్ళకి మిగతావాళ్ళతో ఉండే పేచీలు, ఇవి యాభై ఏళ్ళు వెనక్కి పంపినా చెల్లుతాయి. నైలాన్ వల, మైకు, లారీలు, ట్యూబులైట్లు చెల్లవు. చరిత్ర నవల రాసేవాళ్ళకి పెద్దవాళ్ళ మాటలు వినడం కంటే ఇలా వడబోయడమే ఎక్కువ పని.

ఇప్పటి సర్కస్ కూడా చూడాలని ఆ నవంబర్‌లో కోస్తాలో ఒక ఊళ్ళో డేరా పడితే వెళ్ళాను. నోట్‌బుక్ చూడగానే మేనేజరుకి అనుమానం, నేను జంతువుల సంఘం మనిషినేమోనని. ఆయన భయం ఆయనది. పులులు, సింహాలు, ఎలుగులు, కోతులతో ఆడించకూడదని 1998లో నోటిఫికేషన్ వచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. వెనక్కి రానివ్వలేదు. టిక్కెట్టు కొనుక్కుని తెర దగ్గర కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఆట కంటే తెర పక్కన నిలబడి తమ వంతు కోసం చూసే మొహాలు ఎక్కువ చూశాను. ఆవలింతలు తీస్తున్నారు. ఆ ఆవలింతలు నవలలోకి వచ్చాయి.

రాయడం 2022 మార్చిలో మొదలుపెట్టి 2023 ఆగస్టులో ముగించాను. తెల్లారుజామున అరఠావుల మీద, చేత్తో. అన్నిటికంటే బాధపెట్టినది పిల్లల సంగతి. ఆ రోజుల్లో ఏడెనిమిదేళ్ళ పిల్లని సర్కస్‌కి ఒప్పజెప్పడం తల్లిదండ్రులకి ఒక పూట తిండి లెక్క. పిల్లల్ని సర్కస్‌లో పనికి పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 2011లో, అంటే నా మాధవి కాలానికి వందేళ్ళ తర్వాత. ఈ కాలపు మనసుతో ఆ తండ్రిని రాక్షసుణ్ణి చేస్తే అబద్ధం. దెబ్బలు తినే పిల్లకి తీగ మీద ఎక్కగానే రెక్కలొచ్చినట్టు రాస్తే ఇంకా పెద్ద అబద్ధం. ఆ అధ్యాయాన్ని ఎన్నిసార్లు చింపానో నాకే తెలియదు. చివరికి పిల్ల వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కాకుండా, రసీదు రాసే గుమాస్తా వైపు నుంచి రాశాను. అప్పుడు కుదిరింది.

అప్పలస్వామి కొడుకు చనిపోయే చోట వారం పైగా పెన్ను ముట్టుకోలేదు. ఇంట్లో వంట కూడా సరిగ్గా చెయ్యడం లేదని మా ఆయన అడిగితే విషయం చెప్పాను. "చంపేది నువ్వే కదా, మానెయ్యి" అన్నారు. మగాళ్ళకి అన్నీ సులువే.

ఆ తర్వాత పబ్లిషర్ల కోసం తిరగడం. ఒక చోట ఏడు నెలలు ఉంచుకుని, పెద్దగా ఉంది, సగం చెయ్యమన్నారు. ఇంకో చోట బాగుందన్నారు గానీ "ఖర్చు మీరు పెట్టుకోండి, మా పేరు వేస్తాం" అన్నారు. ఒక పోటీకి పంపితే ఉలుకూ పలుకూ లేదు. పెద్దగా ఉందన్న మాట నిజమే కాబట్టి 2024 వేసవిలో కూర్చుని దాదాపు నూట యాభై పేజీలు కోసేశాను. రంగూన్‌లో ఒక ప్రేమకథ మొత్తం పోయింది. ఏడుపొచ్చింది, కానీ ఇప్పుడు చూస్తే అది లేకపోవడమే మేలు. పబ్లిషర్ల ఆశ వదిలేసి సొంతంగా వేసుకుందామని జూలైలో నిర్ణయించుకున్నాను.

ఇక్కణ్ణుంచి అసలు టెన్షన్. నేను చేతిరాతని యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగులో, టైప్ చేసి ఇచ్చాను, పని తగ్గుతుందని. కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ ఆయన దగ్గరున్నది దానితో పొసగని 'అను' అనే రకం ఫాంట్లు. మార్పిడిలో వత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరానికి తగులుకున్నాయి. 'సర్కస్' ఒక్కటీ నాలుగు రకాలుగా తేలింది. మీరు టైప్ చేసే ముందే ప్రెస్సు వాళ్ళని ఏ ఫాంటు వాడతారో అడగండి. మొదటి ప్రూఫు ఆగస్టు చివర్లో వచ్చింది. చూద్దును కదా, సంభాషణలన్నీ మారిపోయి ఉన్నాయి. మా విజయనగరం మనుషులు "ఏటి", "ఒచ్చీసినాను", "నాను" అని మాట్లాడతారు. ప్రూఫులు చూసినాయన పద్ధతైన మనిషి. అన్నిటినీ "ఏమిటి", "వచ్చేశాను", "నేను" అని చక్కగా దిద్దిపెట్టారు. డేరా మేకులు కొట్టే అప్పలస్వామి హెడ్ మాస్టారులా మాట్లాడుతున్నాడు! ఒక్కొక్కటీ వెనక్కి మార్చి, "ఇలాగే ఉండాలి" అని మార్జిన్‌లో రాసుకుంటూ పోయేసరికి అక్టోబర్ వచ్చింది. దిద్దినందుకూ డబ్బులిచ్చాను, దిద్దినది తీసినందుకూ ఇచ్చాను.

అట్ట బొమ్మ దగ్గర ఇంకో కథ. పాత ఫొటో ఒకటి నచ్చింది గానీ హక్కులెవరివో తేలలేదు, వదిలేశాను. బొమ్మ వేసిన అబ్బాయి మంటల చక్రంలోంచి దూకే సింహాన్ని వేసి పంపాడు. నా నవలలో సింహమే లేదు బాబూ, తాళ్ళూ మేకులూ వెయ్యమన్నాను. "మేడమ్, తాళ్ళు చూస్తే సర్కస్ అని ఎలా తెలుస్తుంది? పడవ నవల అనుకుంటారు" అన్నాడు. ఆలోచిస్తే అతనిదీ న్యాయమే. చివరికి డేరా తాళ్ళ మీద తడి చీరలు ఆరేసుకుంటున్న అమ్మాయి, వెనక సగం కనబడే గుడారం, అలా రాజీకొచ్చాం.

పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, ఐఎస్‌బీఎన్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, మన దేశంలో అది ఉచితం. నేను రెండు వేలిస్తే తెప్పిస్తానన్న మనిషిని కలిశాను కాబట్టి చెప్తున్నాను. నాకు మూడు వారాల పైన పట్టింది. అచ్చుకి వెళ్ళే లోపు నంబరు చేతిలో ఉండాలి కాబట్టి ముందే మొదలుపెట్టండి. పేజీల లెక్క కూడా చూసుకోండి. డెమ్మీ సైజులో (మామూలు నవలల సైజు) ఒకే కాగితం మీద అచ్చయ్యే పదహారు పేజీలు ఒక ఫారం. నాది 339 పేజీలు వచ్చింది. ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు ఎందుకని అధ్యాయాల మధ్య ఖాళీలు తగ్గించి 336కి, అంటే 21 ఫారాలకి దించాం.

లెక్క ఇదీ. డీటీపీ 12,000, ప్రూఫులు 5,000, అట్ట 7,000, కాగితం, అచ్చు, బైండింగ్ కలిపి 68,000, రవాణా 2,000. మొత్తం 94,000. వెల 300 పెట్టాను. షాపుల వాళ్ళకి 40 శాతం పోతే నా చేతికి 180. 500 కాపీలూ షాపుల్లోనే అమ్ముడైతే 90,000. అంటే ఒక్క కాపీ మిగలకుండా అమ్మినా నాలుగు వేలు నా జేబులోంచే. ఇందులో ప్రయాణాలు లేవు, కళ్ళజోడు లేదు, ఉచితంగా ఇచ్చే కాపీలూ లేవు. ఉచిత కాపీలు అరవై దాటాయి. బంధువులు కొనరు. కొనమని అడగడానికి మనకీ నోరు రాదు.

ఆవిష్కరణ విజయనగరంలోనే చిన్న హాల్లో చేశాం. హాలు అద్దె, శాలువాలు, ఉప్మా, కాఫీ కలిపి 14,000. మాట్లాడిన నలుగురిలో ఇద్దరు నవల గురించి మాట్లాడారు, ఇద్దరు కోడి రామమూర్తి గురించి. జనం చప్పట్లు కొట్టింది రెండో ఇద్దరికి. సొంతంగా అమ్ముకుంటే కమిషన్ మిగులుతుందని పోస్టులో పంపడం మొదలుపెట్టాను. సరిగ్గా అదే డిసెంబర్‌లో, పుస్తకాల్ని తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆగిపోయింది. అప్పట్లో పార్సిల్‌గా పంపితే ఖర్చు రెట్టింపు దాటింది. 300 రూపాయల పుస్తకానికి పోస్టు ఖర్చు విడిగా అడిగితే సగం మంది మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసినవాళ్ళ స్టాల్లో కొన్ని పెట్టించాను, అక్కడ పర్వాలేదు. అట్ట చూసి ఒకాయన పడవల నవలా అని అడిగారట. బొమ్మ వేసిన అబ్బాయికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

సంక్రాంతి వెళ్ళాక పార్వతీపురం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. బళ్ళ మీద గుంజ తీసుకెళ్ళే అధ్యాయం చదివి, తమ తాతగారు సర్కస్ సామాను తోలిన బండివాళ్ళలో ఒకరని చెప్పారు. ఏ కంపెనీదో తెలియదు, ఏ సంవత్సరమో తెలియదు. కానీ బాడుగ డబ్బులు మొత్తం ఇవ్వకుండా కంపెనీ రాత్రికి రాత్రి డేరా ఎత్తేసిందని వాళ్ళింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారట. "మీ నవల్లో మాకు డబ్బులిచ్చేసినట్టు రాశారేటమ్మా?" అని అడిగారు. నవ్వారు గానీ సగం నిజంగానే అడిగారు. రెండో ముద్రణ అంటూ ఉంటే చూస్తానన్నాను.

ప్రస్తుతానికి మంచం కింద రెండు వందల పైచిలుకు కాపీలున్నాయి. షాపుల వాళ్ళు మార్చి నెల దాటాక లెక్కలు చూస్తామన్నారు.